ఒక కాలి పిక్క మాత్రమే సన్నబడుతోంది: కారణాలు ఏమై ఉండవచ్చు?

మేఘమాల

అందరికీ నమస్కారం. నా వయస్సు 41 సంవత్సరాలు. కొన్ని నెలలుగా నా కుడి కాలి మేజోడు మాటిమాటికీ కిందికి జారిపోతోంది. మేజోడు సాగిపోయిందేమో అనుకొని రెండింటినీ మార్చి వేసుకున్నాను, అయినా కుడి కాలిదే జారింది. అప్పుడు అనుమానం వచ్చి టేపుతో కొలిచాను. పిక్క బాగా నిండుగా ఉండే చోట ఎడమ కాలు 36 సెంటీమీటర్లు, కుడి కాలు 33.5 సెంటీమీటర్లు ఉన్నాయి. నొప్పి లేదు, వాపు లేదు, షుగర్ లేదు, ఈ మధ్య దెబ్బ తగిలిన గుర్తు కూడా లేదు. మామూలుగా నడవగలుగుతున్నాను గాని, మెట్లు ఎక్కేటప్పుడు కుడి కాలు నన్ను పైకి నెట్టడం లేదన్నట్టు ఉంటుంది. ఇలా ఒకే కాలి కండ కరగడానికి కారణాలు ఏమేమి ఉంటాయో, ముందుగా ఏ వైద్యుని కలవాలో తెలిసినవారు చెప్పగలరని ఆశిస్తున్నాను.

నిలకడ

మేఘమాల గారూ, ముందుగా ఆ కొలత సరైనదేనని నిర్ధారించుకోండి. మోకాలి చిప్ప కింద, ఎముక మీద చేతికి తగిలే చిన్న బుడిపె నుంచి కిందికి 10 సెంటీమీటర్లు కొలిచి, రెండు కాళ్లకూ అక్కడే గుర్తు పెట్టుకొని, టేపును బిగించకుండా, ఒకే భంగిమలో కూర్చొని కొలవాలి. ఎక్కువగా వాడే కాలికీ రెండో కాలికీ ఒక సెంటీమీటరు లోపు తేడా చాలామందికి ఉంటుంది, దానికి కలవరపడనక్కరలేదు. మీరు చెప్పిన రెండున్నర సెంటీమీటర్ల తేడా మాత్రం ఆ లెక్కలోకి రాదు.

ఇంకొక మాట. సన్నగా ఉన్న కాలిలోనే లోపం ఉందని మనమే తీర్మానించుకోకూడదు. ఒక్కోసారి సన్నని కాలు సవ్యంగానే ఉంటుంది, రెండో కాలు వాచి ఉంటుంది. లోపలి సిరలో రక్తం గడ్డకట్టినపుడు పిక్క అలా ఉబ్బుతుంది, వైద్యులు కూడా 3 సెంటీమీటర్లు లేదా అంతకు మించిన తేడాను ఆ అనుమానానికి ఒక గుర్తుగా లెక్కిస్తారు. మీ ఎడమ కాలు బరువుగా, వెచ్చగా, నొక్కితే నొప్పిగా ఉన్నా, వేలితో అదిమితే గుంట పడుతున్నా ఆ రోజే ఆసుపత్రికి వెళ్లండి.

మేఘమాల

మీరు చెప్పినట్టే మళ్లీ కొలిచాను. ఎడమ 35.5, కుడి 33. ఎడమ కాలికి వాపు గాని, వేడి గాని, నొప్పి గాని లేవు. తేడా నిజమేనని తేలినట్టుంది.

ఆకుపచ్చ

కండ తగ్గడమంటే మాంసకృత్తులు చాలకపోవడమే. మంచి ప్రొటీన్ పొడి, విటమిన్ మాత్రలు తీసుకుంటూ రోజూ నూనెతో పిక్కను మర్దన చేసుకుంటే రెండు నెలల్లో నిండుతుంది. నాకు జ్వరం వచ్చి లేచాక ఇలాగే తగ్గాను, తరువాత కోలుకున్నాను.

ఫిజియో నేస్తం

ఆకుపచ్చ గారూ, మీరు సహాయం చేయాలనే చెప్పారు గాని, ఈ సలహా వల్ల ఆవిడ రెండు నెలలు పోగొట్టుకునే ప్రమాదం ఉంది. ఆహారం చాలకపోయినా, దీర్ఘ జ్వరం వచ్చినా, వయసు మీద పడినా కండ రెండు కాళ్లలోను, చేతులలోను, భుజాలలోను కలిసే తగ్గుతుంది. పోషకాహార లోపం కుడి కాలిని మాత్రమే ఎంచుకోదు. ఒకే పిక్క కరిగిందంటే కారణం ఆ కాలిలోనో, ఆ కాలికి వెళ్లే నరంలోనో, ఆ నరం బయలుదేరే వెన్నులోనో ఉందని అర్థం.

నా దగ్గరికి వచ్చేవారిలో ఎక్కువమందికి కారణం వాడకం తగ్గడమే. ఎముక విరిగి కాలికి కట్టు వేసినపుడు రెండు వారాలకే పిక్క కంటికి కనిపించేంతగా తగ్గిపోతుంది. మోకాలి నొప్పి ఉన్నవారు తమకు తెలియకుండానే బరువంతా రెండో కాలి మీద వేసి నడుస్తారు, దానివల్ల కూడా నెలల తరబడి నెమ్మదిగా తగ్గుతుంది. వాడకం లేక ఇలా కండ తగ్గినపుడు స్పర్శ సరిగానే ఉంటుంది, సుత్తితో తడితే రిఫ్లెక్స్ కూడా సరిగానే వస్తుంది, కండకు మళ్లీ పని చెబితే తిరిగి పెరుగుతుంది. మడమ వెనక ఉండే అకిలిస్ స్నాయువు తెగినవారి సంగతి వేరు. స్నాయువు అతికినా ఏళ్ల తరబడి ఆ పిక్క కొంత చిన్నదిగానే మిగిలిపోవడం మామూలు. పుట్టుకతో పాదం లోపలికి వంకర తిరిగి ఉండి చికిత్స పొందిన పిల్లలకు కూడా ఆ వైపు పిక్క జీవితాంతం సన్నగానే ఉంటుంది. అది చికిత్స విఫలమైందనడానికి గుర్తు కాదు.

మేఘమాల గారూ, ఒక చిన్న పరీక్ష చేయండి. గోడకు వేళ్ల కొసలు మాత్రం ఆనించి, మోకాలు వంచకుండా, ఒక్క కాలి మీద నిలబడి మడమను పూర్తిగా పైకెత్తి దించండి. అలా ఎడమ కాలితో ఎన్నిసార్లు, కుడి కాలితో ఎన్నిసార్లు చేయగలరో లెక్కపెట్టి రాయండి. ఆ తరువాత మడమల మీద పది అడుగులు నడిచి చూడండి.

నాడీతంత్రి

నేను నరాల వైద్యుణ్ణి. ఇక్కడ రాసే మాటలు మిమ్మల్ని స్వయంగా పరీక్షించడానికి ప్రత్యామ్నాయం కావు గాని, కొన్ని ప్రశ్నలకు మీరు సమాధానం చెబితే కారణాన్ని వెతకడం సులువవుతుంది. ముందు సన్నబడిందా, ముందు బలం తగ్గిందా? పాదంలో ఎక్కడైనా తిమ్మిరి గాని, స్పర్శ మందగించడం గాని ఉందా, ముఖ్యంగా చిటికెన వేలి వైపు అంచున? నడిచేటప్పుడు బొటనవేలు నేలకు తగిలి తడబడుతున్నారా? మీ తోబుట్టువులలో, తల్లిదండ్రులలో ఎవరికైనా సన్నని కాళ్లు, ఎత్తుగా వంగిన అరికాళ్లు ఉన్నాయా? చిన్నతనంలో పోలియో వచ్చిందని ఎవరైనా చెప్పారా? అన్నిటికన్నా ముఖ్యంగా, ఇప్పుడు కాకపోయినా గత నాలుగైదు ఏళ్లలో ఎప్పుడైనా నడుము నొప్పి వచ్చి కాలిలోకి దిగిందా?

పిక్కలో రెండు పెద్ద కండరాలు ఉన్నాయి. పైకి కనిపించే జంట కండరం ఒకటి, దాని అడుగున పరచుకున్న బల్లపరుపు కండరం మరొకటి. ఈ రెండింటికీ ఆజ్ఞలు వచ్చేది ముఖ్యంగా వెన్నెముక అడుగున ఉన్న ఎస్ 1 అనే నరం వేరు నుంచే. కాలి ముందు వైపు, ఎముక పక్కన ఉండి పాదాన్ని పైకెత్తే కండరానికి ఎల్ 4, ఎల్ 5 వేర్ల నుంచి వస్తాయి. కాబట్టి కాలి వెనక భాగం కరిగిందా, ముందు భాగం కరిగిందా అన్నదే సగం సమాధానం ఇస్తుంది.

తూర్పుదిక్కు

మేఘమాల గారి సమస్య ఇదేనని చెప్పడానికి కాదు గాని, ఇదే ప్రశ్నతో వెతుకుతూ వచ్చేవారికి పనికొస్తుందని రాస్తున్నాను. నాకు షార్కో-మారీ-టూత్ వ్యాధి ఉంది. 1886లో ఫ్రాన్సుకు చెందిన షార్కో, మారీ, ఇంగ్లండుకు చెందిన టూత్ అనే ముగ్గురు వైద్యులు వర్ణించినందువల్ల దానికి ఆ పేరు వచ్చింది. ఇది వంశపారంపర్యంగా వచ్చే నరాల వ్యాధి, సుమారు 2,500 మందిలో ఒకరికి ఉంటుందని అంచనా.

నాకు పన్నెండేళ్లప్పుడు పరుగు పందెంలో ప్రతిసారీ కాలు మడతపడేది. పెద్దవాళ్లు అజాగ్రత్త అన్నారు, ఉపాధ్యాయులు బద్ధకం అన్నారు. మోకాలి కింద నుంచి రెండు కాళ్లు సన్నబడ్డాయి, తొడలు మాత్రం మామూలుగా ఉండేవి, కాలి వేళ్లు పక్షి గోళ్లలా వంకర తిరిగాయి. మా నాన్నగారి కాళ్లు కూడా అలాగే ఉండేవి గాని, అది మా ఇంటి పోలిక అని అందరూ సరిపెట్టుకున్నారు. 29వ ఏట నరాల ప్రసరణ పరీక్ష, ఆ తరువాత జన్యు పరీక్ష చేస్తే 17వ క్రోమోజోములోని ఒక జన్యువు రెట్టింపు అయిందని తెలిసింది. తల్లిదండ్రులలో ఒకరికి ఈ రకం ఉంటే ప్రతి బిడ్డకూ సగానికి సగం అవకాశం ఉంటుంది. దీన్ని పూర్తిగా నయం చేసే మందు ఇప్పటికి లేదు గాని, పాదానికి ఊతమిచ్చే పట్టీ వేసుకున్నాక నేను పడిపోవడం మానేశాను. పేరు తెలియడం వల్ల కలిగిన మేలు ఇంకొకటి ఉంది: విన్‌క్రిస్టిన్ వంటి కొన్ని క్యాన్సర్ మందులు మాలాంటి వారి నరాలకు తీవ్రంగా హాని చేస్తాయి, ఆ సంగతి ఇప్పుడు నా వైద్య పత్రాల మీద రాసి ఉంటుంది.

గుర్తుపెట్టుకోవలసింది ఒకటే. ఈ వ్యాధిలో రెండు కాళ్లూ దాదాపు సమానంగా తగ్గుతాయి.

మేఘమాల

అందరికీ కృతజ్ఞతలు. ఎడమ కాలితో మడమను 22 సార్లు ఎత్తగలిగాను. కుడి కాలితో మూడుసార్లు ఎత్తాను, మూడోసారి సగమే లేచింది. అది చూసి చాలా భయం వేసింది. మడమల మీద మాత్రం ఇబ్బంది లేకుండా నడిచాను. మా ఇంట్లో ఎవరికీ ఇలాంటి కాళ్లు లేవు, పోలియో రాలేదు. కుడి పాదం బయటి అంచును, చిటికెన వేలిని దూదితో తాకి చూస్తే ఎడమ వైపుకన్నా మొద్దుగా ఉన్నట్టుంది. ఇంతకాలం దాన్ని గమనించనే లేదు.

నడుము నొప్పి సంగతి మీరు అడిగేదాకా నాకు స్ఫురించలేదు. రెండేళ్ల కిందట ఒక బరువు ఎత్తాక నడుము పట్టేసింది, ఆ తరువాత కుడి పిరుదు నుంచి పిక్క మీదుగా మడమ దాకా కరెంటు పాకినట్టు నొప్పి వచ్చింది. ఆరు వారాలు మంచం మీద ఉన్నాను. అప్పుడు చూసిన వైద్యుడు మాత్రలు ఇచ్చారు. తరువాత నొప్పి దానంతట అదే పూర్తిగా పోయింది, నేను కూడా ఆ విషయం మరచిపోయాను.

ఇంకొక భయం ఉంది. రాత్రి పడుకున్నాక పిక్కలో కండ అదురుతూ ఉంటుంది. ఇంటర్నెట్‌లో చదివితే, కండరాలను నడిపే నాడీకణాలు క్రమంగా చచ్చిపోయే ఏఎల్ఎస్ అనే వ్యాధి గురించి కనిపించింది. మూడు రాత్రులుగా నాకు నిద్ర లేదు.

నాడీతంత్రి

మేఘమాల గారూ, ముందు మీ భయం గురించి మాట్లాడతాను. కండ అదరడం, ముఖ్యంగా పిక్కలో, ఆరోగ్యవంతులలో చాలా సాధారణం. అలసట, నిద్రలేమి, ఆందోళన దాన్ని పెంచుతాయి. అదురుతో పాటు బలహీనత పెరుగుతూ పోవడం, సన్నబడిన అదే కాలిలో రిఫ్లెక్స్ తగ్గడానికి బదులు తీవ్రంగా రావడం, నెలల వ్యవధిలో మరో అవయవానికి పాకడం, స్పర్శకు మాత్రం ఏమీ కాకపోవడం, ఇవన్నీ కలిసి కనిపించినపుడు మేము ఏఎల్ఎస్‌ను అనుమానిస్తాం. మీ పాదం అంచున స్పర్శ మొద్దుబారింది. ఆ వ్యాధి స్పర్శ నరాల జోలికి సాధారణంగా వెళ్లదు గనుక మీ తిమ్మిరి ఈ సందర్భంలో ఊరటనిచ్చే లక్షణమే. పరీక్ష లేకుండా నేను హామీ ఇవ్వలేను గాని, మీరు రాసినవన్నీ మరో వైపు చూపిస్తున్నాయి.

మడమ ఎత్తలేకపోవడం, పిక్క కరగడం, పాదం బయటి అంచున స్పర్శ తగ్గడం, గతంలో పిరుదు నుంచి మడమ దాకా దిగిన నొప్పి, ఈ నాలుగూ ఎస్ 1 వేరు గుండానే వెళతాయి. చిట్టచివరి నడుము పూసకు, దాని కింది త్రికాస్థికి మధ్యనున్న డిస్క్ జారి ఆ వేరును నొక్కి ఉండవచ్చు. చాలామంది నొప్పి తగ్గితే నరం కోలుకుందనుకుంటారు. ఆ రెండూ వేరువేరు సంగతులు. వేరు చుట్టూ ఉన్న మంట చల్లారితే నొప్పి పోతుంది, నొక్కుడు వల్ల చచ్చిపోయిన తంతువులు మాత్రం నొప్పి పోయినంత మాత్రాన తిరిగి రావు. నొప్పి పోయిన రోజున ఎవరైనా మిమ్మల్ని మునివేళ్ల మీద నిలబెట్టి చూసి ఉంటే, ఇది రెండేళ్ల కిందటే బయటపడి ఉండేది.

న్యూరాలజిస్టును కలవండి. మడమ రిఫ్లెక్స్ చూస్తారు, తరువాత నరాల ప్రసరణ పరీక్ష, కండరంలో సన్నని సూది ఉంచి చేసే ఈఎంజీ, నడుము ఎంఆర్ఐ అడగవచ్చు. మూత్రం ఆగిపోవడం, అదుపు తప్పడం, మర్మాంగాల చుట్టూ స్పర్శ పోవడం, రెండు కాళ్లూ ఒకేసారి బలహీనపడటం వంటివి ఎప్పుడు కనిపించినా అపాయింట్‌మెంటు కోసం ఎదురుచూడకుండా అత్యవసర విభాగానికి వెళ్లాలి.

పొద్దుటిగాలి

నా కాలికి ముందు వైపు కండ కరిగింది. చెప్పు కాలి నుంచి జారిపోయినా నాకు తెలిసేది కాదు, పాదం పైకి లేచేది కాదు. ఒకచోట నడుము ఎంఆర్ఐ తీసి డిస్క్ కొంచెం ఉబ్బిందన్నారు, దానికే ఎనిమిది నెలలు చికిత్స చేశారు. చివరికి ఒక చర్మవైద్యురాలు నా మోకాలి బయటి వైపు, సన్న ఎముక తల కింద వేలు పెట్టి తడిమి, నరం తాడులా లావెక్కిందని చెప్పారు. కుష్ఠు అని తేలింది. వీపు మీద ఉన్న పాలిపోయిన మచ్చను అంతకు ముందు ఎవరూ అడగలేదు, సిగ్గుతో నేనూ చూపించలేదు. మందులతో వ్యాధి నయమైంది గాని, పాదం ఇప్పటికీ పూర్తిగా లేవదు. నరం దెబ్బతిన్న మొదటి ఆరు నెలల్లో స్టెరాయిడ్ మొదలుపెట్టి ఉంటే కోలుకునే అవకాశం ఎక్కువగా ఉండేదని అన్నారు. పాదం జారుతూ స్పర్శ పోయినవారు దయచేసి మచ్చలను దాచకండి.

నాడీతంత్రి

పొద్దుటిగాలి గారు రాసినది ప్రతి వైద్యుడూ చదవవలసినది. పాదం లేవకపోవడానికి ఎల్ 5 వేరు నొక్కుకుపోవడం ఒక కారణం, మోకాలి పక్క నరం దెబ్బతినడం మరొకటి. చాలాసేపు గొంతుక్కూర్చున్నా, కాలు మీద కాలు వేసుకొని కూర్చునే అలవాటున్నా, కట్టు బిగుతుగా వేసినా, తక్కువ కాలంలో బాగా బరువు తగ్గినా ఆ నరం ఎముకకు అదుముకుపోతుంది. రెండింటినీ విడదీయడానికి ఒక సులభమైన గుర్తు ఉంది. పాదాన్ని లోపలి వైపు తిప్పే బలం కూడా తగ్గితే లోపం వెన్ను దగ్గర ఉండవచ్చు, ఆ బలం నిలిచి ఉంటే మోకాలి దగ్గర వెతకాలి. ఎంఆర్ఐలో కనిపించిన ప్రతి డిస్క్ ఉబ్బూ దోషి కాదు. నొప్పే లేని వారిలోనూ అలాంటివి కనిపిస్తాయి.

ఇరవై ఏళ్ల లోపు యువకులు, వారి తల్లిదండ్రులు కూడా ఇలాంటి చర్చలు చదువుతారు గనుక మరి రెండు విషయాలు చెబుతాను. నొప్పి, తిమ్మిరి ఏదీ లేకుండా ఒకే కాలు రెండు మూడేళ్లపాటు నెమ్మదిగా సన్నబడి, ఆ తరువాత అక్కడితో ఆగిపోయే ఒక రుగ్మత ఉంది. 1980లలో మన దేశపు నరాల వైద్యులే దీన్ని వివరంగా వర్ణించారు, 1984లో బెంగళూరులోని మానసిక, నరాల వైద్య సంస్థ నిమ్హాన్స్ నుంచి గౌరీదేవి బృందం దీన్ని ఏకాంగ కండర క్షయంగా ప్రచురించింది. కాలు చూస్తే భయం వేస్తుంది గాని, మనిషి ఆయుష్షుకు దీనివల్ల ముప్పు ఉండదు. రెండోది, రెండు పిక్కలూ కరిగి, మునివేళ్ల మీద లేవలేక, కండరం దెబ్బతింటే రక్తంలోకి చేరే సీపీకే అనే ఎంజైము పదుల రెట్లు పెరిగినపుడు మియోషి రకం కండర వ్యాధిని అనుమానించాలి. దాన్ని కండరాల వాపు జబ్బుగా పొరబడి ఏళ్ల తరబడి స్టెరాయిడ్లు ఇచ్చిన సందర్భాలు ఉన్నాయి, వాటివల్ల ప్రయోజనం లేదు.

పాతబాట

నాకు 58 ఏళ్లు. మూడో ఏట పోలియో వచ్చింది, ఎడమ కాలు అప్పటి నుంచీ సన్నమే. యాభై ఏళ్లు అదే స్థితిలో ఉండి, ఇప్పుడు మూడేళ్లుగా ఇంకా తగ్గుతోంది, త్వరగా అలసిపోతున్నాను. ఇది వయసు వల్లనేనా?

నాడీతంత్రి

పాతబాట గారూ, పోలియో తగ్గి కనీసం 15 ఏళ్లు నిలకడగా గడిచాక మళ్లీ బలహీనత మొదలైతే దానికి పోలియో అనంతర లక్షణ సముదాయం అని పేరు. అప్పట్లో మిగిలిన నాడీకణాలు తమ వంతుకు మించి కండర తంతువులను మోస్తూ వచ్చాయి, ఇప్పుడవి అలసిపోతున్నాయి. మిగిలిన కారణాలు లేవని తేల్చుకున్నాకే ఆ పేరు పెట్టాలి. కండను అరగదీసే కఠిన వ్యాయామం మాత్రం వద్దు.

మేఘమాల

మూడు వారాల తరువాత రాస్తున్నాను. కుడి మడమ రిఫ్లెక్స్ రాలేదు. ఈఎంజీలో ఎస్ 1 వేరుకు చెందిన కండరాలలో పాత నరనష్టం, దానితో పాటు మిగిలిన తంతువులు కొంత మేర పక్కకు అల్లుకొని ఆ ఖాళీని పూరించిన గుర్తులు కనిపించాయట. కొత్తగా జరుగుతున్న నష్టం లేదు. ఎడమ కాలు, చేతులు, నాలుక అన్నీ సక్రమంగా ఉన్నాయి. ఎంఆర్ఐలో ఆఖరి డిస్క్ కుడి వేరును తాకుతోంది. నష్టం పాతది, పెరగడం లేదు, నొప్పి లేదు గనుక శస్త్రచికిత్స వల్ల ఇప్పుడు ఒరిగేది తక్కువని, వ్యాయామం చేస్తూ ఆరు నెలలకొకసారి కొలత చూసుకోమని చెప్పారు. ఆ రాత్రి హాయిగా నిద్రపోయాను. పిక్క మళ్లీ నిండుతుందా అని అడిగితే మాత్రం సూటిగా చెప్పలేకపోయారు.

ఫిజియో నేస్తం

నేను తెలిసినంత వరకు సూటిగానే చెబుతాను. తెగిన నరతంతువు రోజుకు సుమారు ఒక మిల్లీమీటరు చొప్పున పెరుగుతుంది. వెన్ను నుంచి పిక్క వరకు ఉన్న దూరానికి రెండేళ్లకు పైగా పడుతుంది, కండరమేమో నరం లేకుండా ఏడాది, ఏడాదిన్నర గడిస్తే కొత్త నరాన్ని అందుకునే శక్తిని చాలావరకు కోల్పోతుంది. కాబట్టి కొలత మళ్లీ 35.5కు చేరుతుందని ఆశపెట్టను. బలం సంగతి వేరు. ఇప్పటికే పక్కకు అల్లుకున్న తంతువుల కింద ఉన్న కండను పెంచవచ్చు, దానికి గడువు తీరిపోలేదు.

మొదట రెండు కాళ్ల మీద లేచి, కుడి కాలి మీద మాత్రమే నెమ్మదిగా దిగండి. మూడు విడతలు, విడతకు ఎనిమిది, వారంలో మూడు రోజులు. మోకాలు వంచి ఒక విడత తప్పక చేయండి, అడుగున ఉన్న కండరానికి పని తగిలేది అప్పుడే. నడుమును ముందుకు వంచి బరువులు ఎత్తవద్దు. స్పర్శ తగ్గిన పాదం అంచును రోజూ చూసుకోండి, చెప్పు ఒరిసినా మీకు తెలియకపోవచ్చు.

మేఘమాల

అయిదు నెలలు గడిచాయి. కొలత 33.4, అంటే దాదాపు కదలలేదు. కుడి కాలి మడమను ఈ ఉదయం 11 సార్లు పూర్తిగా ఎత్తగలిగాను. మెట్ల మీద కుడి కాలు మళ్లీ నన్ను నెడుతోంది. మేజోడు ఇంకా జారుతూనే ఉంది.